చెడు కబురు మీ దాకా వస్తోందా? ఉద్యోగంలో నాయకత్వ నైపుణ్యాలపై ప్రసంగ పాఠం

సభకు నమస్కారం. ఈ సమావేశానికి వచ్చినవారిలో ఎక్కువమంది ఈమధ్యనే తొలిసారిగా ఇతరుల పనికి బాధ్యత తీసుకున్నవారని నిర్వాహకులు చెప్పారు. నిన్నటి దాకా మీ పని మీరు సక్రమంగా చేసుకుంటే సరిపోయేది. ఇప్పుడు ఐదుగురో పదిమందో చేసే పనికి మీరు జవాబు చెప్పాలి. ఈ బాధ్యత మీకు దక్కడానికి ముఖ్య కారణం బహుశా మీ పనితనమే అయి ఉంటుంది. అందుకు అభినందనలు. అయితే ఆ పనితనమే కొత్త బాధ్యతలోనూ మిమ్మల్ని గట్టెక్కిస్తుందని అనుకోవడం ప్రమాదకరం కాబట్టి, అక్కడి నుంచే మొదలుపెడతాను.

అలన్ బెన్సన్, డేనియల్ లీ, కెల్లీ షూ అనే ముగ్గురు పరిశోధకులు అమ్మకాల విభాగాల్లో పనిచేసేవారి వివరాలను అనేక సంస్థల నుంచి సేకరించి, 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. అమ్మకాల్లో అందరికన్నా ముందున్నవారికే మేనేజరుగా పదోన్నతి దొరికే అవకాశం ఎక్కువని అందులో తేలింది. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆశ్చర్యం ఆ తర్వాత ఉంది. పదోన్నతికి ముందు ఎవరి అమ్మకాలు ఎంత ఎక్కువగా ఉన్నాయో, వారు మేనేజర్లయ్యాక వారి కింద పనిచేసేవారి ఫలితాలు అంత తగ్గే ధోరణి కనిపించింది. దీనికి భిన్నంగా, ఇతరులతో కలిసి అమ్మకాలు సాధించిన అనుభవం ఉన్నవారు మెరుగైన మేనేజర్లుగా నిలిచారు. ఒక పనిని స్వయంగా బాగా చేయడం, నలుగురి చేత ఆ పనిని బాగా చేయించడం అనేవి రెండు వేర్వేరు విద్యలు. మొదటిదానిలో ఎంత ఆరితేరినా, రెండవదాన్ని మొదటి అక్షరం నుంచి నేర్చుకోవలసిందే.

నేర్చుకుంటే వస్తుందా, అది పుట్టుకతో రావాలి కదా అని కొందరు అడుగుతారు. 2006లో రిచర్డ్ ఆర్వే బృందం కవల సోదరుల మీద జరిపిన పరిశోధనలో, ఎవరు నాయకత్వ స్థానాల్లోకి వస్తారన్న విషయంలో మనుషుల మధ్య కనిపించే తేడాలలో దాదాపు 30 శాతాన్ని వారసత్వం వివరించగలదని తేలింది. మిగిలిన పెద్ద భాగం పరిస్థితుల నుంచి, అనుభవాల నుంచి, దొరికిన అవకాశాల నుంచి వస్తుంది. పైగా ఆ పరిశోధన చెప్పింది నాయకత్వ స్థానాల్లోకి ఎవరు వస్తారన్న దాని గురించే గాని, వచ్చాక ఎవరు రాణిస్తారన్న దాని గురించి కాదు. గంభీరమైన కంఠస్వరం, పదిమందిలో చొరవగా మాట్లాడే స్వభావం మనిషిని ఆ కుర్చీ దాకా తీసుకురావచ్చు. కుర్చీలో కూర్చున్నాక అక్కరకు వచ్చేవి చాలావరకు అలవాట్లే. అలవాట్లను సాధన చేయవచ్చు.

ఏ అలవాట్లు? నాయకత్వం గురించి ఎవరిని అడిగినా పెద్ద జాబితాయే చెబుతారు: దూరదృష్టి, నిర్ణయశక్తి, సమయపాలన, వాక్చాతుర్యం. ఇవేవీ అనవసరమని నేను అనను. కానీ నాకున్న సమయమంతా ఒకే విషయానికి కేటాయించదలచాను. ఒక నాయకుడి సమర్థతకు నా దృష్టిలో అన్నిటికన్నా నమ్మకమైన కొలత ఇది: బృందంలో ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ సంగతి అతని చెవిన ఎంత తొందరగా, ఎంత ఉన్నదున్నట్టుగా పడుతోంది? మంచి కబురు మోసుకొచ్చేవారికి కొదవ ఉండదు. చెడు కబురు మాత్రం, దాన్ని చెప్పినవారికి ఏ కీడూ జరగదన్న నమ్మకం కలిగితే తప్ప కదలదు. ఆ నమ్మకాన్ని కలిగించడమే నాయకుడి మొదటి పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో విమానయాన చరిత్రలోని ఒక దుర్ఘటన ద్వారా వివరిస్తాను. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవుల్లోని టెనరిఫే విమానాశ్రయంలో దట్టమైన పొగమంచు కమ్ముకుంది. పక్క దీవిలోని విమానాశ్రయంలో బాంబు పేలడంతో అక్కడికి వెళ్ళవలసిన విమానాలన్నీ ఇక్కడికి మళ్ళించబడి, చిన్న విమానాశ్రయం కిక్కిరిసి ఉంది. కేఎల్ఎం సంస్థకు చెందిన బోయింగ్ 747 రన్‌వే ఒక చివర బయలుదేరడానికి సిద్ధంగా ఉండగా, పాన్ యామ్ సంస్థకు చెందిన మరో 747 అదే రన్‌వే మీద ఎదురుగా నెమ్మదిగా వస్తోంది. కేఎల్ఎం కెప్టెన్ సామాన్యుడు కాదు. ఆ సంస్థ పైలట్లకు 747 నడపడంలో శిక్షణ ఇచ్చే విభాగానికి అధిపతి. ఆయన మొదట ఇంజిన్ల వేగం పెంచబోతే, ఇంకా అనుమతి రాలేదని కో-పైలట్ గుర్తుచేశాడు, కెప్టెన్ ఆగాడు. కొద్దిసేపటికి, టేకాఫ్‌కు స్పష్టమైన అనుమతి లేకుండానే, ఆయన మళ్ళీ విమానాన్ని కదిలించాడు. ఈసారి కో-పైలట్ అడ్డు చెప్పలేదు. రేడియోలో వినిపించిన మాటలను బట్టి అనుమానం వచ్చిన ఫ్లైట్ ఇంజనీరు, ఆ పాన్ యామ్ విమానం రన్‌వే నుంచి తప్పుకోలేదేమో అన్న అర్థం వచ్చేలా ప్రశ్నించాడు. తప్పుకుందని కెప్టెన్ నిశ్చయంగా జవాబిచ్చాడు. ఇంజనీరు ఆ తర్వాత రెట్టించలేదు. కొన్ని సెకన్లలో రెండు విమానాలూ ఢీకొని 583 మంది మరణించారు.

ప్రమాదానికి కారణాలు అనేకం: పొగమంచు, రేడియోలో ఒకరి మాటకు మరొకరి మాట అడ్డుపడటం, ఆలస్యమవుతోందన్న ఆదుర్దా. మనకు సంబంధించిన కారణం మాత్రం పైలట్లు కూర్చునే కాక్‌పిట్ అనే ఆ చిన్న గదిలోనే ఉంది. కావలసిన సమాచారం అక్కడ ఉంది, దాన్ని గమనించిన మనిషి ఉన్నాడు, అతడు నోరు తెరిచి అడిగాడు కూడా. అయినా ఆ అనుమానం ఒక ప్రశ్నగా మొదలై, ఒక్క జవాబుతో ముగిసిపోయింది. ఎదుటివాడు తన రంగంలో అందరికన్నా పెద్దవాడైనప్పుడు, రెండోసారి అడగడానికి మామూలు ధైర్యం చాలదు. ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అని మన సామెత. పదవిలో ఉన్నవాడు చెప్పేవాడుగానే స్థిరపడిపోతే, వినవలసినవారందరూ క్రమంగా తమ కళ్ళతో చూసినదాన్ని కూడా నమ్మడం మానేస్తారు.

ఇటువంటి ప్రమాదాలను పరిశీలించిన తర్వాత, 1979లో నాసా నిర్వహించిన ఒక కార్యశాలలో కాక్‌పిట్‌లోని మానవ సంబంధాల మీద ప్రత్యేకంగా చర్చ జరిగింది. క్రూ రిసోర్స్ మేనేజ్‌మెంట్ అని ఈరోజు మనం పిలిచే శిక్షణకు అక్కడే బీజం పడింది. 1981లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఈ తరహా శిక్షణను తన సిబ్బందికి ప్రారంభించింది. శిక్షణ సారాంశం చాలా సూటిగా ఉంటుంది: కెప్టెన్ తుది నిర్ణయం తీసుకుంటాడు, కానీ అందరి కళ్ళనూ, అందరి చెవులనూ వాడుకున్నాకే తీసుకుంటాడు, కింది ఉద్యోగి తన అనుమానాన్ని స్పష్టంగా, అవసరమైతే మళ్ళీ మళ్ళీ చెబుతాడు.

1989 జులై 19న ఆ సంస్థకే చెందిన 232వ నంబరు విమానంలో తోకలోని ఇంజిన్ ముక్కలై, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ దెబ్బతీసింది. అంటే విమానాన్ని తిప్పడానికి, ఎత్తు మార్చడానికి మామూలుగా వాడే సాధనాలేవీ పనిచేయవు. అటువంటి పరిస్థితికి ఏ మాన్యువల్‌లోనూ పరిష్కారం రాసిలేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ తన సిబ్బంది సలహాలను అడుగుతూ, వింటూ, పనులు పంచుతూ వచ్చాడు. ప్రయాణికుల్లో ఉన్న డెన్నిస్ ఫిచ్ అనే శిక్షక పైలట్ సాయం చేస్తానని కబురు పంపితే, వెంటనే లోపలికి పిలిచి, మిగిలిన రెండు ఇంజిన్ల థ్రాటిళ్ళను, అంటే ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే మీటలను, ఆయన చేతికి అప్పగించాడు. విమానం అమెరికాలోని సూ సిటీలో దిగుతూ కూలిపోయింది. 296 మందిలో 112 మంది మరణించినా 184 మంది బతికి బయటపడ్డారు. ఆ శిక్షణే లేకపోతే అంతమంది దక్కేవారు కాదని హేన్స్ ఆ తర్వాత బహిరంగ సభల్లో చెబుతూ వచ్చాడు. తనకు దారి తెలియదని తన సిబ్బంది ఎదుట ఒప్పుకోగలగడం ఆయన అధికారాన్ని ఏమాత్రం తగ్గించలేదన్న సంగతిని ప్రత్యేకంగా గమనించమని కోరుతున్నాను.

మీ కార్యాలయంలో ప్రాణాపాయం ఉండకపోవచ్చు. సూత్రం మారదు. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం, చక్కటి సహకారం ఉన్న బృందాల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయని ఆమె ఊహించారు. లెక్కలు తిరగబడ్డాయి, మెరుగైన బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. ఆరా తీసిన మీదట అసలు సంగతి బయటపడింది. ఆ బృందాలు ఎక్కువ పొరపాట్లు చేయడం లేదు, చేసినవాటిని దాచకుండా చెబుతున్నాయి. మరోచోట పొరపాట్లు జరుగుతున్నా రిజిస్టరుకు ఎక్కడం లేదు. కాబట్టి మీ బృందం నుంచి వారాల తరబడి ఒక్క సమస్యా మీ దగ్గరకు రాకపోతే సంతోషించకండి. సమస్యలు లేకపోవడం వేరు, అవి మీ గుమ్మం దాటి లోపలికి రాకపోవడం వేరు.

ఇప్పుడు ఆచరణలోకి వద్దాం. చెడు కబురు మన దాకా రావాలంటే ఏం చేయాలి?

మొదటిది, అడిగే తీరు మార్చుకోవాలి. మీటింగులో ‘అంతా సవ్యంగానే ఉంది కదా?’ అని అడిగితే, అందులోనే మనకు కావలసిన జవాబు ఉంది. ఎదుటివారు తల ఊపుతారు. దానికి బదులు ‘ఈ పనిలో గడువుకు అందదేమో అని మీకు అనుమానంగా ఉన్న భాగం ఏది?’ అని అడగండి. ఈ ప్రశ్నలో అనుమానం ఉండటం సహజమన్న అంగీకారం ముందే ఉంది. ఇక తలూపితే సరిపోదు, ఏదో ఒకటి చెప్పాలి. అలాగే మీ అభిప్రాయాన్ని అందరికన్నా చివర చెప్పండి. మీరు మొదట చెప్పారంటే ఆ తర్వాత వినిపించేవి చాలావరకు మీ మాటకు తాళాలే. అందరిలోకీ కొత్తగా చేరినవారిని, అనుభవం తక్కువగా ఉన్నవారిని ముందు మాట్లాడనివ్వండి.

రెండవది, కబురు వచ్చిన తొలి అర నిమిషం. నా మటుకు నాకు నాయకత్వ శిక్షణలో దీనికన్నా విలువైన అర నిమిషం లేదనిపిస్తుంది. క్లయింటుకు పంపిన రిపోర్టులో అంకెలు తప్పుగా వెళ్ళాయని ఒక ఉద్యోగి మీ దగ్గరకు వచ్చి చెప్పాడనుకోండి. మీ నోటి నుంచి మొదట వచ్చే మాట ‘ఎవరు చేశారు?’ అయితే, ఆ గదిలో ఉన్నవారందరూ ఒక పాఠం నేర్చుకుంటారు: తర్వాతిసారి ముందు పేరు రాకుండా చూసుకోవాలి, ఆ తర్వాతే సంగతి చెప్పాలి. ‘వెంటనే చెప్పి మంచి పని చేశారు. ఇప్పుడు వాళ్ళ దగ్గర ఏ కాపీ ఉంది? సరైన అంకెలు ఎప్పటికి సిద్ధమవుతాయి?’ అని అడిగితే మరో పాఠం నేర్చుకుంటారు. తప్పు ఎలా జరిగిందన్నది తప్పకుండా విచారించాలి, ఉదాసీనత పనికిరాదు. కాని ముందు నష్టం ఆపాలి, విచారణ తర్వాత. ఆ విచారణలో కూడా ఆ మనిషి కన్నా ఆ పద్ధతి మీద ఎక్కువ దృష్టి పెట్టాలి. టొయోటా కర్మాగారాల్లో లోపం గమనించిన ఏ కార్మికుడైనా తాడు లాగి సహాయం కోరవచ్చు. లోపం వెంటనే సరికాకపోతే ఉత్పత్తి వరుస ఆగిపోతుంది. ఆ తాడు లాగగానే బృంద నాయకుడు అతని పక్కకు చేరుకుంటాడు. అలా చేరుకోవడమే ఆ ఏర్పాటుకు ప్రాణం. అలా ఎవరూ రాకపోయినా, వచ్చి విసుక్కున్నా కొన్నాళ్ళకు ఆ తాడును ఎవరూ ముట్టుకోరు.

మూడవది, అప్పగించడం. కొత్తగా బాధ్యత తీసుకున్నవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తాము బాగా చేయగల పనిని ఇతరులకు ఇచ్చి, వారు నెమ్మదిగా చేస్తుంటే చూస్తూ ఉండలేరు. కొందరు మధ్యలో వెనక్కి లాక్కుంటారు. మరికొందరు పని ఇచ్చేసి పూర్తిగా తప్పుకుంటారు, దానికి స్వేచ్ఛ అని పేరు పెడతారు. కర్ట్ లెవిన్, రొనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ళ పిల్లల బృందాలతో చేసి 1939లో ప్రచురించిన ప్రయోగాల్లో మూడు తరహాల నాయకత్వాన్ని పోల్చి చూశారు: అన్నీ తానే శాసించేది, అందరినీ కలుపుకొని నిర్ణయించేది, ఏదీ పట్టించుకోకుండా వదిలేసేది. శాసించే నాయకుడు ఎదుట ఉన్నంతసేపూ పని బాగానే సాగింది. అతడు గది దాటగానే కుంటుపడింది. కలుపుకొని నడిచిన బృందంలో నాయకుడు లేకపోయినా పని దాదాపు అలాగే కొనసాగింది. పూర్తిగా వదిలేసిన బృందంలో పనీ తక్కువే, పిల్లల సంతృప్తీ తక్కువే. కలుపుకుపోవడానికీ వదిలేయడానికీ మధ్య ఉన్న ఈ తేడాను గుర్తుపట్టలేక ఎందరో మంచి మనసున్న మేనేజర్లు దెబ్బతింటున్నారు.

సరిగా అప్పగించడమంటే నాలుగు సంగతులు ముందే తేల్చుకోవడం. పని పూర్తయిందని దేన్ని చూసి అంటాం, ఏయే నిర్ణయాలు వారే తీసుకోవచ్చు, ఏవి మనల్ని అడిగి తీసుకోవాలి, మధ్యలో ఎప్పుడు కలిసి చూసుకుంటాం. ఉదాహరణకు: ‘కొత్త ఉద్యోగుల శిక్షణ కార్యక్రమం బాధ్యత మీది. నెలాఖరుకు వారు ఎవరి సాయం లేకుండా మొదటి ఫైలు పూర్తి చేయగలగాలి. పాఠాలు ఏవి, ఎవరు చెప్పాలి అన్నది మీ ఇష్టం. ఖర్చు బడ్జెట్ దాటేలా ఉంటే మాత్రం నాతో మాట్లాడండి. ప్రతి బుధవారం పావుగంట కూర్చుందాం.’ ఆ బుధవారం దాకా మీరు జోక్యం చేసుకోకూడదు. ఆ రోజున మాత్రం తప్పకుండా కూర్చోవాలి. కొత్తవారికి బుధవారంతోపాటు శుక్రవారం కూడా కావలసి రావచ్చు. చేయి తిరిగినవారికి నెలకోసారి చాలు. అందరికీ ఒకే కొలత పెట్టడం సమానత్వంలా కనిపిస్తుంది గాని, కొందరికి ఊపిరాడదు, కొందరికి ఆసరా ఉండదు.

ఫీడ్‌బ్యాక్ గురించి ఒక్క మాట. అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి 1996లో అంతకు ముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. సగటున ఫీడ్‌బ్యాక్ పనితీరును మెరుగుపరచింది. కానీ మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. చర్చ పని మీద నుంచి మనిషి మీదకు మళ్ళేకొద్దీ ఫలితం క్షీణిస్తుందని వారు వివరించారు. ‘మీకు శ్రద్ధ తక్కువ’ అన్న వాక్యంతో ఏ ఉద్యోగీ ఏమీ చేయలేడు, బాధపడటం తప్ప. ‘నిన్నటి ప్రెజెంటేషన్‌లో ఖర్చుల పట్టికకూ చివరి మొత్తానికీ పొంతన లేదు, క్లయింటు రెండుసార్లు ఆపి అడగవలసి వచ్చింది. ఈసారి పంపే ముందు మరొకరి చేత సరిచూపిద్దామా?’ అన్న మాటలో ఏం జరిగింది, దాని పర్యవసానం ఏమిటి, ఇకపై ఏం చేయవచ్చు అన్నవి ఉన్నాయి. ఈ మాటలను ఆ వారంలోనే, ఏకాంతంగా చెప్పాలి. ఏడాది చివర అప్రైజల్ దాకా దాచిపెట్టి చెప్పేది విమర్శ రూపంలో ఉన్న తీర్పు మాత్రమే. మెచ్చుకోలుకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది: ‘బాగా చేశారు’ అనడంకన్నా ఏది బాగుందో చెప్పడం మేలు.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టనవసరం లేదు. ఒక్క అలవాటును ఎంచుకోండి, దానికి ఒక సమయం ముడిపెట్టండి. సోమవారం మీటింగులో నా అభిప్రాయం చివర చెబుతాను అన్నది సాధ్యమయ్యే తీర్మానం. ఇకపై మంచి శ్రోతనవుతాను అన్నది తీర్మానమే కాదు. నెల గడిచాక బృందంలో ఇద్దరు ముగ్గురిని విడివిడిగా కలిసి, ‘నేను చేస్తున్న పనుల్లో మీ పనికి అడ్డం వస్తున్నది ఏమిటి?’ అని అడగండి. మొదటిసారి మర్యాదపూర్వకమైన జవాబే వస్తుంది. వాదించకుండా రాసుకుని, వారు చెప్పినవాటిలో ఒక చిన్నదాన్నైనా వారం తిరక్కుండా మార్చి చూపిస్తే, రెండోసారి నిజమైన జవాబు వస్తుంది.

ప్రసంగానికి ముందు ఒక ప్రశ్న రాతపూర్వకంగా అందింది; దానికి జవాబు చెప్పి విరమిస్తాను. ‘నా కిందివారి మాట నేను వింటాను, నా పైవారు వినకపోతే ఏం చేయాలి?’ అన్నది ప్రశ్న. విమాన సిబ్బంది శిక్షణలో రెండో సగం దీని గురించే. పై అధికారికి అభ్యంతరం తెలపడానికి అక్కడ ఒక వరుస నేర్పుతారు: ముందు పేరుతోనో హోదాతోనో పిలిచి దృష్టిని తిప్పుకోవాలి, నాకు ఆందోళనగా ఉందని చెప్పాలి, సమస్య ఏమిటో నేను చూసింది చూసినట్టు చెప్పాలి, ఒక పరిష్కారం ప్రతిపాదించాలి, చివరగా మీరేమంటారు అని అడిగి జవాబు రాబట్టాలి. కార్యాలయంలో అది ఇలా ఉంటుంది: ‘సార్, ఈ గడువు గురించి నాకు ఆందోళనగా ఉంది. టెస్టింగ్‌కు మనం అనుకున్న రోజుల్లో సగమే మిగిలాయి. మొదటి విడతలో రెండు ఫీచర్లు తగ్గించి, మిగిలినవి తర్వాతి విడతలో ఇద్దామని నా ప్రతిపాదన. మీరు ఒప్పుకుంటారా?’ ఇందులో ధిక్కారం లేదు, నసుగుడూ లేదు. ఒప్పుకోకపోతే కారణం అడగండి, సమాచారం మారినప్పుడు మళ్ళీ చెప్పండి. మీరు పై అధికారితో ఇలా మాట్లాడటాన్ని మీ బృందం గమనిస్తూనే ఉంటుంది. మీతో ఎలా మాట్లాడవచ్చో వారు నేర్చుకునేది ఎక్కువగా అక్కడి నుంచే కాబట్టి, వీలైతే తర్వాతిసారి అటువంటి సమావేశానికి వారిలో ఒకరిని వెంట తీసుకువెళ్ళండి. ధన్యవాదాలు.